ఐటీ, డిజిటల్ మీడియా ఆనర్స్: రెండూ కలిసే చోటే అసలు చదువు

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, డిజిటల్ మీడియా కలిపి చెప్పే ఆనర్స్ డిగ్రీలో సీటు వచ్చింది, చేరాలా వద్దా అన్నది మొదటిది. ఫొటోలు, వీడియో ఎడిటింగ్ బాగా వచ్చు గానీ కోడింగ్ అంటే భయం, నెగ్గుకురాగలనా అన్నది రెండోది. చివరి సంవత్సరం ప్రాజెక్టు గురించి సీనియర్లు భయపెడుతున్నారు, దానికి ఇప్పటినుంచే ఏం చేయాలన్నది మూడోది. వీటికి తోడు, కంప్యూటర్ సైన్స్‌లో చేరిన స్నేహితులు "అది అటూ కాదు, ఇటూ కాదు" అన్నారని బాధపడుతూ రాశారు. లెక్కలు ఎంత కావాలనీ అడిగారు, సీటు ఇంకోచోట కూడా వచ్చిందని చెప్పారు. నేను చాలాకాలం మీడియా సంస్థలకు వెబ్ పనులు చేశాను. ఇప్పుడు ఇలాంటి కోర్సులోనే పాఠాలు చెబుతున్నాను, చివరి సంవత్సరం విద్యార్థులకు గైడ్‌గా ఉంటున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చేరండి. మీ స్నేహితుల మాటలో నిజం లేకపోలేదు. కంప్యూటర్ సైన్స్‌లో అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు చదివినంత లోతుగా మీరు చదవరు. విజువల్ కమ్యూనికేషన్ వాళ్లు టైపోగ్రఫీ, కెమెరా పనిమీద పెట్టినంత సమయం మీరు పెట్టలేరు. ఈ కోర్సును రెండు సగాలుగా చూసి, సోమవారం కోడింగ్, మంగళవారం డిజైన్ అని విడివిడిగా చదివితే నిజంగానే అటూ కాకుండా ఇటూ కాకుండా మిగులుతారు. అలా మిగిలిన వాళ్లను చూశాను. ఈ రెండూ ఎక్కడ తగులుకుంటాయో అక్కడ నిలబడి చదివిన వాళ్లకు మాత్రం పక్క కోర్సుల వాళ్లకు లేని చూపు వస్తుంది. తెరమీద బొమ్మ ఎందుకు ఆలస్యంగా వస్తోందో వాళ్లకు తెలుసు, అసలు ఆ బొమ్మ అక్కడ ఉండాలా వద్దా అన్నదీ తెలుసు.

మీకు వీడియో ఎడిటింగ్ వచ్చన్నారు కాబట్టి అక్కడినుంచే చూపిస్తాను. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. మొత్తం 20,73,600. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కో బైట్ చొప్పున పిక్సెల్‌కు 3 బైట్లు వేసుకుంటే ఒక్క ఫ్రేముకే 62 లక్షల బైట్లు దాటుతుంది. సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 155 మెగాబైట్లు. నిమిషానికి 9.3 గిగాబైట్లు. ఇదే వీడియోను నెట్‌లో సెకనుకు 5 మెగాబిట్లతో పంపితే చూడ్డానికి బాగానే ఉంటుంది. మెగాబిట్లన్నాను, మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే 0.625 మెగాబైట్లు. అంటే అసలు దాంట్లో దాదాపు 250వ వంతు. మిగతాదంతా ఎక్కడికి పోయింది?

మొదట రంగులో కోత పడుతుంది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగుల తేడాను పట్టదు. అందుకని వెలుగును ప్రతి పిక్సెల్‌కూ దాచి, రంగు సమాచారాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒకసారి మాత్రమే దాస్తారు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో 4:2:0 అని మీరు చూసే ఉంటారు, అది ఇదే. దీంతోనే డేటా సగానికి దిగుతుంది. తర్వాత, ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ పెద్దగా తేడా ఉండదు కాబట్టి ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, ఆ తర్వాతి వాటిలో ఏది ఎటు కదిలిందో మాత్రమే రాసుకుంటారు. పూర్తిగా దాచినదే కీఫ్రేమ్. చివరగా మిగిలిన దాన్ని చిన్న గడులుగా విడగొట్టి, కంటికి ఆనని సన్నని వివరాలను మోటుగా గుండ్రం చేసేస్తారు. 2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణం చేసే పని స్థూలంగా ఇంతే.

ఇప్పుడు మీ అనుభవానికి రండి. నీలం నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే అంచులు అలుక్కుపోయినట్టు కనబడతాయి. అక్కడ వెలుగులో తేడా తక్కువ, రంగులోనే తేడా ఎక్కువ, ఆ రంగునేమో కోసేశారు. వానా, ఎగిరే రంగుకాగితాలూ ఉన్న షాట్ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ప్రతి ఫ్రేములో అంతా మారుతుంటే "ఏది ఎటు కదిలింది" అని రాసుకోవడానికి ఏమీ మిగలదు. టైమ్‌లైన్ మీద వేలు జరిపితే వీడియో కాస్త తడబడుతుంది, ఎందుకంటే మీరు ఆగిన చోట కీఫ్రేమ్ లేదు, వెనక్కి వెళ్లి అక్కడినుంచి లెక్కకట్టుకుంటూ రావాలి. నెట్ నెమ్మదించినప్పుడు వీడియో ఆగకుండా మసకబారి మళ్లీ తేరుకోవడం చూస్తుంటారు కదా, అది ఒకే వీడియోను రకరకాల బిట్‌రేట్లలో (సెకనుకు ఎన్ని బిట్లు పంపాలన్న లెక్క) చిన్నచిన్న ముక్కలుగా చేసి పెట్టడం వల్ల. ఒక బిట్‌రేట్ నుంచి ఇంకోదానికి మారాలంటే ముక్క మొదట్లో కీఫ్రేమ్ ఉండి తీరాలి. మీరు ఎడిటర్‌గా ఇన్నాళ్లూ చూసిన వాటి కారణాలన్నీ ఐటీ వైపున్నాయి. ఐటీ వైపు నుంచి వచ్చిన వాడికి ఈ లెక్కలు తెలుస్తాయి గానీ ఎర్ర అక్షరాలు ఎందుకు బాలేవో కంటికి ఆనదు. మీకు రెండూ దొరుకుతాయి. ఈ కోర్సు విలువంతా అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

కోడింగ్ భయం గురించి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్లు, మాస్కులు, యానిమేషన్ కీఫ్రేములు (పైన చెప్పినవి కావు, కదలికకు పెట్టే గుర్తులు) వరసపెట్టి ఆలోచించగలిగిన వాళ్లకు ప్రోగ్రామింగ్ రాకపోవడం నేను చూడలేదు. మొదలుపెట్టే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. వీడియో పాఠం పెట్టుకుని, అందులో ఆయన రాసింది రాసి, అది నడిస్తే వచ్చేసిందనుకుంటారు. ఖాళీ ఫైలు ముందు కూర్చోగానే చెయ్యి ఆడదు. మీకు నేను చెప్పే మొదటి పని, బ్రౌజర్‌లో సొంతంగా ఒక చిన్న వీడియో ప్లేయర్ చేయడం. హెచ్‌టీఎంఎల్ (పేజీ నిర్మాణం), సీఎస్‌ఎస్ (రూపం), జావాస్క్రిప్ట్ (నొక్కితే జరిగే పనులు) మూడే చాలు, ఫ్రేమ్‌వర్కుల (ముందే రాసిపెట్టిన కోడ్ చట్రాల) జోలికి పోవద్దు. ప్లే, పాజ్ బటన్లు పెట్టండి. తర్వాత ప్రస్తుత సమయం చూపించండి. తర్వాత సబ్‌టైటిళ్లను ఒక జాబితాలో పెట్టి, ప్రతి వాక్యానికీ మొదలయ్యే సెకను, ముగిసే సెకను రాసి, వీడియో నడుస్తుంటే సరైన వాక్యం కింద కనబడేలా చేయండి. ఆఖరున, ఆ వాక్యం మీద నొక్కితే వీడియో అక్కడికి దూకేలా చేయండి. వేరియబుళ్లు, షరతులు, లూపులు, ఫంక్షన్లు, జాబితాలు, ఈవెంట్లు అన్నీ ఈ ఒక్క పనిలో వచ్చేస్తాయి. పైగా ఎందుకు నేర్చుకుంటున్నానన్న సందేహమే రాదు.

ఎర్రర్ వస్తే కంగారుపడి ట్యాబ్ మూసేయొద్దు. ఏ ఫైలు, ఏ లైను అని అదే చెబుతుంది. మెసేజ్‌ను నోటితో పైకి చదవమని మా విద్యార్థులకు చెబుతుంటాను. సగం తప్పులు చదివేటప్పుడే దొరికిపోతాయి.

లెక్కలు ఎంత కావాలని అడిగారు. భయపడేంత ఏమీ లేదు, కానీ అసలు వద్దనుకుంటే కుదరదు. ఒక పెట్టెను సీఎస్‌ఎస్‌లో 200 పిక్సెళ్లు జరిపి 90 డిగ్రీలు తిప్పమని రాయండి. తర్వాత వరస మార్చి, ముందు తిప్పి తర్వాత జరపమనండి. మొదటిదాంట్లో పెట్టె కుడికి వెళ్లి అక్కడ తిరుగుతుంది. రెండోదాంట్లో తిప్పినప్పుడే దాని అడ్డగీత నిలువుగీత అయిపోయింది, కాబట్టి అదే 200 పిక్సెళ్లు కిందికి దిగుతుంది. మాట్రిక్సుల గుణకారంలో వరస మారిస్తే జవాబు మారుతుందని స్కూల్లో చదివి ఉంటారే, ఇదీ అదే. యానిమేషన్‌లో, త్రీడీలో రోజూ ఎదురయ్యేది ఇంతవరకే. సంవర్గమానాలు (లాగరిథమ్స్) శబ్దం డెసిబెళ్ల దగ్గర వస్తాయి. స్టాటిస్టిక్స్ మాత్రం శ్రద్ధగా చదవండి, చివరి సంవత్సరంలో దానితోనే పని.

యానిమేషన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క లెక్క. స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారుతుంటే ఒక్కో ఫ్రేముకు మీ చేతిలో ఉండేది 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపు మీ జావాస్క్రిప్ట్ పని పూర్తికాకపోతే ఫ్రేము తప్పుతుంది, కదలిక కుదుపుగా కనబడుతుంది. బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి ఏ ఫంక్షన్ ఎంత సమయం మింగుతోందో చూడడం మొదటి సంవత్సరంలోనే అలవాటు చేసుకోండి. "స్లోగా ఉంది" అని ఎవరైనా అనగలరు. "ఈ ఫంక్షన్ 40 మిల్లీసెకన్లు తీసుకుంటోంది" అన్నవాడి మాటకు విలువ ఉంటుంది.

తెలుగు వాళ్లం కాబట్టి మనకు సులువుగా దొరికే ప్రయోగం ఒకటుంది. బ్రౌజర్ కన్సోల్‌లో (కోడ్ రాసి వెంటనే జవాబు చూసుకునే చోటు) "శ్రీ" అని రాసి దాని పొడవెంతో అడగండి. మనకు అది ఒకే అక్షరం. జావాస్క్రిప్ట్ 4 అంటుంది. శ, పొల్లు, ర, దీర్ఘ ఈకారం గుడి, ఇలా యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం) అది నాలుగు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కోదానికి 3 చొప్పున 12 బైట్లు. ఇప్పుడు "పేరు 20 అక్షరాలు మించకూడదు" అని ఫారంలో షరతు పెట్టిన వాళ్లు ఏం లెక్కబెడుతున్నట్టు? శీర్షిక పొడుగైందని మధ్యలో కోసి మూడు చుక్కలు పెట్టే కోడ్, ఒత్తు దగ్గర కోసేస్తే తెరమీద ఏం కనబడుతుంది? ఇంగ్లిష్‌తోనే పరీక్షించే వాళ్లకు ఈ ప్రశ్నలు తట్టవు. మన భాషలో చదివే పాఠకుడికి మాత్రం ప్రతిరోజూ అవే కనబడతాయి. డేటాబేస్, ఫాంట్, లేఅవుట్ మూడూ ఒకేచోట కలిసే సమస్య ఇది. సెమినార్‌కు అంశం వెతుక్కుంటుంటే దీన్ని తీసుకోండి.

డిజైన్ అంటే అభిరుచి అనుకుని వచ్చేవాళ్లు చాలామంది. అభిరుచి ఉండాలి, కాదనను. కానీ మార్కులు పడేది దానికి కాదు. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు పెడితే హుందాగా ఉందని మురిసిపోతారు. వెబ్ యాక్సెసిబిలిటీ (వైకల్యమున్నవాళ్లూ వాడుకోగలగడం) మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకైతే 3:1 చాలు. తెలుపు మీద #777777 రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది. #767676 అయితే 4.54, గట్టెక్కుతుంది. కంటికి ఈ రెండింటికీ తేడా తెలియదు. కానీ గీత ఎక్కడుందో తెలిసినవాడు రంగు ఎంచుకునేటప్పుడే చూసుకుంటాడు, చూపు మందగించిన మనిషి ఆ పేజీని చదవగలుగుతాడు. డిజైన్ తరగతిలో ఎవరైనా "నాకు బాగుంది" అంటే, "ఎవరికి, ఏ పనికి, ఎంత వెలుగులో" అని అడగడం నేర్చుకోండి.

నెట్‌వర్క్స్, డేటాబేస్ సబ్జెక్టులు పొడిగా అనిపిస్తాయి, వదిలేయకండి. ఒక పేజీ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏయే ఫైళ్లు ఏ వరసలో, ఎంత బరువుతో దిగుతున్నాయో చూస్తే పుస్తకంలో ఉన్న సగం సంగతులకు ప్రాణం వస్తుంది. నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను నాలుగు వందల పిక్సెళ్ల పెట్టెలో ఇరికించిన పేజీలు మీకు అక్కడే దొరుకుతాయి.

కాపీరైట్ గురించి మాత్రం ఒక పేరా రాయక తప్పదు, ఎందుకంటే మంచి ప్రాజెక్టులు ఇక్కడ చిక్కుల్లో పడుతుంటాయి. "ఒరిజినల్ వాళ్ల పేరు వేశాం" అన్నది అనుమతి కిందకు రాదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు చూసుకోవాలి, వాటిలోనూ రకాలున్నాయి. మార్పులు చేయకూడదన్న షరతున్న పాటను మీ వీడియోకు నేపథ్య సంగీతంగా వేసి ప్రచురించకూడదు. పాటను ఒక్క సెకను కూడా కోయకపోయినా సరే, కదిలే బొమ్మకు అమర్చడమే ఆ లైసెన్సు దృష్టిలో మార్పు. అదే షరతులతో పంచాలన్న పాట వాడితే మీ వీడియోను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాల్సి వస్తుంది. ఫాంట్లకూ లైసెన్సు ఉంటుంది, తెరమీద వాడుకోవచ్చన్నది వెబ్‌లో పొందుపరచడానికి వర్తించకపోవచ్చు. ప్రతి అసైన్‌మెంట్‌కూ ఒక చిన్న పట్టిక పెట్టుకోండి. ఏ బొమ్మ, ఏ శబ్దం, ఎక్కడిది, ఏ లైసెన్సు. ఎప్పటికప్పుడు రాసుకుంటే పని తేలిక, చివర్లో వెతకడం నరకం.

ఇక ఆనర్స్ సంగతి. దేశాన్ని బట్టి దీని రూపం మారుతుంది. ఇంగ్లండ్‌లో సాధారణంగా మూడేళ్లు, స్కాట్లాండ్‌లో నాలుగేళ్లు. బ్రిటన్‌లో 70 శాతం, ఆపైన వస్తే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 దాకా అప్పర్ సెకండ్. ఆస్ట్రేలియాలో చాలాచోట్ల డిగ్రీ అయ్యాక ఆనర్స్ అని విడిగా ఇంకో ఏడాది పరిశోధన ఉంటుంది. భారతదేశంలో 2020 జాతీయ విద్యావిధానం తర్వాత నాలుగేళ్ల ఆనర్స్ వచ్చింది. అందులో పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలని యూజీసీ నిబంధన. మీరు చేరేచోట ఏ సంవత్సరం మార్కులకు ఎంత బరువుందో నియమావళిలో చూసుకోండి. చివరి సంవత్సరానికే ఎక్కువ బరువు ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. అది తెలియక మొదటి ఏడాది ప్రాణం పెట్టి చదివి, చివరి ఏడాదికి అలిసిపోయే పిల్లలున్నారు.

రూపం ఏదైనా సారం ఒకటే. మామూలు డిగ్రీలో ఒక వస్తువు తయారుచేసి చూపిస్తే సరిపోతుంది. ఆనర్స్‌లో దాన్ని అలాగే ఎందుకు చేశారో, వేరేలా చేస్తే ఏమయ్యేదో, మీరు చేసింది పనిచేసిందని ఏ ఆధారంతో అంటున్నారో చెప్పాలి. మీ సీనియర్లు భయపడుతున్నది ఈ ఆధారం దగ్గరే. తయారుచేయడంలో వాళ్లకు ఇబ్బంది ఉండదు.

ఏటా నా దగ్గరకొచ్చే మొదటి ప్రతిపాదనలు దాదాపు ఒకేలా ఉంటాయి. "విద్యార్థుల కోసం ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్ చేస్తాను." అదొక వస్తువు, అందులో ప్రశ్న లేదు. నేను అడుగుతాను: ఇలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి, వాటిలో నీకు నచ్చనిది ఏమిటి? కాసేపు మాట్లాడాక బయటికొస్తుంది. గంటసేపు పాఠంలో తనకు కావలసిన రెండు నిమిషాలు ఎక్కడున్నాయో దొరకదు, ముందుకీ వెనక్కీ లాగి లాగి విసుగొస్తుంది. అదిగో, అక్కడుంది ప్రాజెక్టు. పాఠాన్ని అధ్యాయాలుగా విడగొట్టి గుర్తులు పెడితే త్వరగా దొరుకుతుందా, లేక మాటలన్నీ పక్కన రాతరూపంలో ఇచ్చి, నొక్కితే అక్కడికి దూకేలా చేస్తే త్వరగా దొరుకుతుందా? ఇప్పుడు చేయాల్సిన వస్తువు చిన్నదైంది, ఒకే పాఠం, రెండు రకాల ప్లేయర్లు. మొదటి పనిగా నేను చేయమన్న ఆ సబ్‌టైటిళ్ల ప్లేయరే కొంచెం ఎదిగితే ఇదవుతుంది. ప్రశ్న పదునెక్కింది, కొలిచే దారి కూడా కనబడుతోంది.

కొలవడం ఎలాగంటే, పాఠంలో దొరికే కొన్ని విషయాలు రాసిచ్చి, "ఫలానాది ఎక్కడ చెప్పారో వెతుకు" అని పని అప్పగిస్తారు. పట్టిన సమయం, తప్పుగా ఆగిన చోట్లు రాసుకుంటారు. ఒకే మనిషి రెండు ప్లేయర్లూ వాడితే రెండోది వాడేసరికి పాఠం కొంత తెలిసిపోయి ఉంటుంది, అందుకని సగం మందికి ఒకటి ముందు, మిగతా సగానికి రెండోది ముందు ఇవ్వాలి. వెతకాల్సిన విషయాలు కూడా వేర్వేరుగా ఉండాలి. ఒక్కరు దారితప్పి పది నిమిషాలు తీసుకుంటే సగటు మొత్తం పాడవుతుంది కాబట్టి మధ్యగతం (అన్నిటినీ వరసలో పెడితే నడిమధ్య వచ్చే విలువ) కూడా చూపాలి. వాడకం ఎలా అనిపించిందో తెలుసుకోవడానికి పది వాక్యాల ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ప్రశ్నావళి ఇస్తారు. దాని స్కోరు 0 నుంచి 100 దాకా ఉంటుంది గానీ అది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుంది, కాబట్టి 65 వచ్చిందని "65 శాతం మంది సంతృప్తి చెందారు" అని రాస్తే పరీక్షకుడు అక్కడే ఆగిపోతాడు.

ఇంకొక పొరపాటు చాలా తరచుగా చూస్తాను. యూజబిలిటీ (వాడటానికి ఎంత సులువన్న) పరీక్షకు ఐదుగురు చాలని ఆ రంగంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ చెప్పాడని రాసి, ఐదుగురితో ముగిస్తారు. ఆయన చెప్పింది ఒక డిజైన్‌లో ఉన్న ఇబ్బందులను బయటపెట్టడం గురించి. ఐదుగురు తడబడేసరికి పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయి, సరిచేసి మళ్లీ పరీక్షించుకోవచ్చు. రెండు డిజైన్లలో ఏది వేగం అని తేల్చడానికి ఆ ఐదుగురు సరిపోరు. ఎక్కువమంది దొరక్కపోతే దొరికినంతమందితో చేయండి, కానీ "తేలింది" అని రాయకుండా "ఇటువైపు మొగ్గు కనిపించింది" అని రాయండి. ఆ జాగ్రత్తకే మంచి మార్కులు పడతాయి. మీరు అనుకున్నదానికి వ్యతిరేకంగా ఫలితం వచ్చినా నష్టం లేదు. ఎందుకొచ్చిందో వివరించగలిగితే అది ఇంకా గట్టి ప్రాజెక్టు.

మనుషుల మీద పరీక్ష అంటే ముందుగా ఎథిక్స్ అనుమతి తీసుకోవాలి. ముందుగా అన్నమాట గుర్తుపెట్టుకోండి. అనుమతి రాకముందు సేకరించిన సమాచారాన్ని వాడుకోనివ్వరు, ఎంత బాగున్నా సరే. పాల్గొనేవాళ్లకు దేనికోసమో చెప్పి సంతకం తీసుకోవాలి, మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చని చెప్పాలి. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అనుమతి రావడానికి సమయం పడుతుంది. పిల్లల యాప్ చేయాలని ఉబలాటపడే వాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

సాహిత్య సమీక్ష విషయంలో ఒకే మాట. "ఫలానావారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు" అని వరసగా పేర్చుకుంటూ పోతే అది చదివిన వాటి జాబితా అవుతుంది. మీ ప్రశ్న చుట్టూ రాయండి. ఎక్కడ ఏకీభవించారు, ఎక్కడ విభేదించారు, మీ ప్రయోగం ఏ ఖాళీలో నిలబడుతోంది అన్నది కనబడాలి. చదివిన రోజే రెండు వాక్యాల్లో సొంతమాటల్లో రాసిపెట్టుకునే అలవాటు మొదటి ఏడాదే చేసుకుంటే అప్పుడు ఊపిరాడుతుంది.

ఏఐ సాధనాలు వాడొచ్చా అని అందరూ అడుగుతున్నారు, మీరు అడగలేదు గానీ చెబుతాను. మీ సంస్థ నియమం ఏమిటో ముందు చదవండి, వాడింది వాడినట్టు ప్రకటించండి. అర్థంకాని కోడ్‌ను వివరించమని అడగడానికి అవి బాగా పనికొస్తాయి. రాసిపెట్టమని అడిగి తెచ్చిన కోడ్‌తో వైవాకు వస్తే మాత్రం మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మేం అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. ఈ లైను తీసేస్తే ఏమవుతుంది? ఈ సమాచారాన్ని ఇక్కడెందుకు దాచావు? రాసినవాడు తడబడుతూ అయినా జవాబు చెబుతాడు. రాయనివాడికి మాట రాదు. ఇది పట్టుకుని శిక్షించాలని కాదు. నాలుగేళ్లు చదివి, తన పేరున్న పనిని తాను వివరించలేని స్థితిలో ఒక పిల్లవాడిని చూడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

గ్రూప్ ప్రాజెక్టుల్లో గిట్ (ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే సాధనం) వాడండి. ఎవరు ఏ రోజు ఏం చేశారో అందులో ఉంటుంది కాబట్టి మార్కుల తగాదాలు సగం తగ్గుతాయి. పెద్ద వీడియో ఫైళ్లను నేరుగా అందులో పెట్టొద్దు. ప్రతి మార్పుకూ మొత్తం ఫైలు మళ్లీ చేరి రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) కదలకుండా తయారవుతుంది. వాటికోసం గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ అని వేరే ఏర్పాటుంది.

ఉద్యోగాల మాట. ఫ్రంట్ ఎండ్ డెవలపర్, యూఎక్స్ (వాడేవాళ్ల అనుభవం) డిజైనర్, యాక్సెసిబిలిటీ పరీక్షలు చేసేవాళ్లు, మోషన్ గ్రాఫిక్స్, వీడియో స్ట్రీమింగ్ సాంకేతిక విభాగాలు, ఆన్‌లైన్ పాఠాల తయారీ, ఇవన్నీ ఈ చదువుకు అందుబాటులోవే. పోర్ట్‌ఫోలియోలో చేసిన ప్రతిదీ కుక్కొద్దు. మూడు నాలుగు పనులు పెట్టి, ఒక్కోదానికి మీరు ఎదుర్కొన్న సమస్య, ప్రయత్నించి వదిలేసిన దారి, ఆఖరున తీసుకున్న నిర్ణయం, దాని ఆధారం రాయండి. వదిలేసిన దారి గురించి రాసే అభ్యర్థులు తక్కువ. ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను మొదట వెతికేది దాన్నే.

ఈ కోర్సు ఎవరికి వద్దంటానంటే, లోతైన అల్గారిథమ్స్ మీదే మనసున్న వాళ్లు కంప్యూటర్ సైన్స్‌కే వెళ్లాలి. కోడ్ ముఖం చూడకుండా పూర్తిగా సినిమా, యానిమేషన్ చేయాలనుకునే వాళ్లకు అందుకు ప్రత్యేకంగా ఉన్న కోర్సులే మేలు. మీరు రాసింది చూస్తే ఆ రెండు కోవల్లోనూ లేరనిపించింది. "ఎక్స్‌పోర్ట్ చేశాక రంగులు ఎందుకు మారిపోతాయో ఎవరూ చెప్పరు" అని మధ్యలో ఒక వాక్యం రాశారు, గుర్తుందా? ఆ ప్రశ్న వేసుకునే వాళ్లకోసమే ఈ చదువు.

ఫీజు కట్టేముందు మాత్రం సిలబస్ పూర్తిగా తెప్పించుకుని కొన్ని చూసుకోండి. ప్రోగ్రామింగ్ మొదటి ఏడాదితో ఆగిపోతోందా, రెండో ఏడాది కూడా తప్పనిసరిగా ఉందా? డేటాబేస్, నెట్‌వర్క్స్ ఉన్నాయా, లేక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు నేర్పడంతో సరిపెడుతున్నారా? యూజర్ రీసెర్చ్ లేదా హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ పేరుతో ఒక పేపరైనా ఉందా? చివరి సంవత్సరంలో ఒక్కరే చేసే ప్రాజెక్టు ఉందా, ఒక్కో గైడ్ కింద ఎంతమంది ఉంటారు? పాత విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు లైబ్రరీలో ఉంటే రెండు అడిగి చదవండి, ముఖ్యంగా మూల్యాంకనం అధ్యాయం. అది రెండు పేజీలతో తేలిపోతే అక్కడ ఆనర్స్ పేరుకే ఉందని అర్థం. సీటు ఇంకోచోట కూడా వచ్చిందన్నారు కాబట్టి రెండు సిలబస్‌లూ ఇలాగే పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. తెలియకపోతే రెండూ నాకు పంపండి, చదివి చెబుతాను.